హబ్‌లో పెట్టిన డాంగిల్ సెషన్ మధ్యలో మాయమైపోతోంది, ఏం చెయ్యాలి?

ఎంవీపీ_మిక్స్:

అందరికీ నమస్కారమండి. విశాఖ ఎంవీపీ కాలనీలో రెండు రూముల చిన్న స్టూడియో. డబ్బింగ్, భక్తి పాటలు, షార్ట్ ఫిల్మ్ మిక్సింగ్ ఎక్కువ. ఒక రూములో విండోస్ 11 డెస్క్‌టాప్, రెండో దాంట్లో ల్యాప్‌టాప్. లైవ్ రికార్డింగులకి ఆ ల్యాప్‌టాపే బయటికి వెళ్తుంది. రెండు వేర్వేరు కంపెనీల డాంగిళ్లు (సాఫ్ట్‌వేర్ లైసెన్సులుండే యూఎస్‌బీ తాళాలు) ఉన్నాయి. రెండింట్లోనూ ఉన్నవి డబ్బు పోసి కొన్న లైసెన్సులే. ఏ రూములో పనుంటే ఆ రూముకి పట్టుకెళ్తున్నాం.

డెస్క్‌టాప్‌కి అడాప్టర్ లేని నాలుగు పోర్టుల యూఎస్‌బీ హబ్ తగిలించాం. దానికే రెండు డాంగిళ్లు, మిడీ కీబోర్డు, ప్రాజెక్టులుండే ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ. పాట బౌన్స్ పెట్టినప్పుడో (అంటే మిక్స్ అంతా ఒక ఆడియో ఫైలుగా రాయించినప్పుడో), కాసేపు సిస్టమ్ వదిలేసి వచ్చాకో "లైసెన్స్ దొరకలేదు" అని వస్తోంది. పీకి మళ్లీ పెడితే పనిచేస్తోంది. ఒక డాంగిల్ లోహం మీద ఆకుపచ్చ మచ్చలాంటిది కూడా కనిపిస్తోంది.

డాంగిల్ పోయినట్టేనా, లేక తప్పు ఇంకెక్కడైనా ఉందా? బయటికి వెళ్లేటప్పుడు డాంగిల్ వెంట తీసుకెళ్లక తప్పదా? ఒకవేళ పారేసుకుంటే లోపలున్న లైసెన్సుల గతేంటి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఐదు_వోల్టులు:

మీరు చెప్పిన లక్షణాలు డాంగిల్ చెడిపోయినవి కావండి, కరెంటు చాలనివి.

యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు, యూఎస్‌బీ 3 పోర్టు అయితే 900. అడాప్టర్ లేని యూఎస్‌బీ 2 హబ్ ఆ 500లో తన ఖర్చుకి కొంత ఉంచుకుని, లెక్క ప్రకారం ఒక్కో పోర్టుకి 100 మాత్రమే ఇవ్వాలి. డాంగిల్‌కి అది చాలు. ఎస్ఎస్‌డీకి ఎక్కడా చాలదు. బౌన్స్ పెట్టగానే ఎస్ఎస్‌డీ రాయడం మొదలుపెడుతుంది, కరెంటు గట్టిగా లాగుతుంది, 5 వోల్టులు కిందికి జారతాయి, హబ్ రీసెట్ అవుతుంది. ఒకటి రెండు సెకన్లలో అన్నీ తిరిగొస్తాయి గానీ అప్పటికే ఆలస్యం అయిపోతుంది. డాంగిల్ అంటే పెన్‌డ్రైవ్ కాదు కదా. లోపలి చిప్‌లో రహస్య కీ ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఒక ప్రశ్న పంపితే ఆ కీతో లెక్క కట్టి జవాబివ్వాలి. ఈ ప్రశ్నలు ఓపెన్ చేసినప్పుడే కాదు, పని నడుస్తుండగా కూడా వస్తుంటాయి. సరిగ్గా ఆ సెకనులో జవాబు రాకపోతే లైసెన్స్ లేనట్టే. విండోస్‌లో యూఎస్‌బీ ఊడినప్పుడు వచ్చే శబ్దం బౌన్స్ మధ్యలో వినిపిస్తే తప్పు హబ్‌దేనని ఖాయం చేసుకోండి.

ఈ రోజే చెయ్యగలిగింది: ఎస్ఎస్‌డీని హబ్ నుంచి తీసి మదర్‌బోర్డు వెనక యూఎస్‌బీ 3 పోర్టులో పెట్టండి. డాంగిళ్లు కూడా వెనకే, యూఎస్‌బీ 2 పోర్టుల్లో. కేబినెట్ ముందు పోర్టులు వద్దు, అవి లోపల సన్నటి తీగ మీద వస్తాయి, వదులుగా కూడా ఉంటాయి. మైకులు తగిలించే ఆడియో ఇంటర్‌ఫేస్‌కి ఎప్పుడూ సొంత పోర్టే. హబ్‌లో మిడీ కీబోర్డు ఒక్కటే మిగలాలి.

పోర్టులు చాలకపోతే అడాప్టర్ ఉన్న హబ్ కొనండి, 5 వోల్టులు, కనీసం 2 యాంపులు. ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఒకటుంది. కంప్యూటర్ యూపీఎస్ మీద ఉండి, హబ్ అడాప్టర్ మామూలు ప్లగ్గులో ఉంటే, కరెంటు పోగానే కంప్యూటర్ నిలుస్తుంది, హబ్ పడిపోతుంది, సెషన్ ఆగిపోతుంది. హబ్ అడాప్టర్‌ని కూడా అదే యూపీఎస్‌కి తగిలించాలి.

కాసేపు వదిలేసి వచ్చాక పోవడానికి కారణం వేరు. విండోస్ ఖాళీగా ఉన్న యూఎస్‌బీని నిద్రపుచ్చుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, యూఎస్‌బీ సెట్టింగ్స్, అందులో సెలెక్టివ్ సస్పెండ్‌ని డిజేబుల్ చెయ్యండి. తర్వాత డివైస్ మేనేజర్‌లో యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ కింద ఉన్న ప్రతి యూఎస్‌బీ రూట్ హబ్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో "కరెంటు ఆదాకి ఈ పరికరాన్ని ఆపవచ్చు" అనే టిక్ తీసెయ్యండి. ఒక్కదానికి తీసి వదిలేస్తే లాభం లేదు, అన్నిటికీ తియ్యాలి. కొన్ని ల్యాప్‌టాపుల్లో పవర్ ఆప్షన్స్‌లో ఆ వరసే కనపడదు. అప్పుడు సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, యూఎస్‌బీలోకి వెళ్లి బ్యాటరీ సేవర్ ఆపండి.

పెదవాల్తేరు_కేబుల్స్:

కరెంటు సంగతి పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను ఆ ఆకుపచ్చ మచ్చ గురించి చెప్తాను. మన ఊళ్లో దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

యూఎస్‌బీ పిన్నుల మీద బంగారు పూత చాలా పలచన. అది అరిగిన చోట కింది లోహం బయటపడుతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ రాగికి తగిలితే వచ్చేదే ఆ ఆకుపచ్చ. మచ్చ బయటి రేకు మీదే ఉంటే భయం లేదు. లోపలి నాలుగు పిన్నుల మీద ఉంటే మాత్రం కనెక్షన్ పడుతూ లేస్తూ ఉంటుంది. టార్చి వేసి చూడండి.

శుభ్రం చెయ్యడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డ. పుల్లకి చుట్టి పిన్నుల వెంబడి ఒకే దిశలో రెండు మూడుసార్లు తుడవండి, పది నిమిషాలు ఆరనివ్వండి. రబ్బరుతో, గరుకు కాగితంతో రుద్దకండి, మిగిలిన పూత కూడా పోతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు వద్దు, ఆ నూనె దుమ్ముని పట్టి ఉంచుతుంది. కంప్యూటర్ పోర్టుని సిస్టమ్ ఆపి, ప్లగ్గు పీకి, పొడి బ్రష్షుతో మాత్రమే.

ఇంకో లెక్క. మామూలు యూఎస్‌బీ-ఏ ప్లగ్గు ప్రమాణం ప్రకారం 1,500 సార్లు పెట్టి తీయడానికి తయారవుతుంది. యూఎస్‌బీ-సీ అయితే 10,000. మీరు రెండు రూముల మధ్య తిప్పుతూ రోజుకి నాలుగుసార్లు పెట్టి తీస్తే ఏడాది దాటగానే 1,500 అయిపోతాయి. వందల డాలర్ల లైసెన్సులున్న ప్లగ్గుని అలా అరగదియ్యడం అన్యాయం. చేయాల్సింది చిన్నదే. ప్రతి డాంగిల్‌కి అడుగు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్ శాశ్వతంగా తగిలించి ఉంచండి, పీకేటప్పుడు కేబుల్ కొసనే పీకండి. అరిగేది కేబుల్. అది పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. పైగా బయటికి పొడుచుకొచ్చిన డాంగిల్‌కి కుర్చీయో కాలో తగిలి విరిగే ప్రమాదం కూడా తప్పుతుంది.

ఏసీ రూము నుంచి ఎండలోకి తీసుకెళ్తే చల్లటి లోహం మీద నీటి పొర పడుతుంది. బయట పదిహేను ఇరవై నిమిషాలు డబ్బాలోనే ఉంచి, తర్వాత పెట్టండి. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వెయ్యండి.

రీమిక్స్_రాజా:

ఇంత తలనొప్పి ఎందుకు గురూ, లైసెన్స్ అడగని దొంగ కాపీ, అదే క్రాక్ వేసుకుంటే డాంగిలే అక్కర్లేదు కదా.

గెయిన్_స్టేజ్:

రాజా గారూ, మీ విసుగు అర్థమవుతుంది. డబ్బు కట్టినవాడే పోర్టుల చుట్టూ తిరగడం, కట్టనివాడు హాయిగా ఉండడం ఎవరికైనా బాధే. కానీ క్రాక్ ఇన్‌స్టాలర్లు అడ్మిన్ హక్కులు అడుగుతాయి, యాంటీవైరస్ ఆపమంటాయి. క్లయింట్ విడుదల కాని పాట ఉన్న సిస్టమ్‌లో అది చెయ్యకూడదు. పైగా అది తయారుచేసినవాళ్ల కష్టం. ఇక మిక్స్ గారి మిగతా ప్రశ్నలకి వస్తాను.

డాంగిల్ తిప్పడం మానడానికి అసలు దారి లైసెన్స్ ఎక్కడుండాలో మార్చుకోవడం. ఐలాక్ అనే లైసెన్స్ పద్ధతిలో (దాని డాంగిల్ పేరూ అదే) లైసెన్స్ ఉండగలిగే చోట్లు మూడు: ఆ కంప్యూటర్ మీద, యూఎస్‌బీ ఐలాక్‌లో, క్లౌడ్‌లో. ఏవి కుదురుతాయో నిర్ణయించేది ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లోపల నడిచే ఎఫెక్టు, వాయిద్యం లాంటివి) తయారుచేసినవాళ్లు. ఐలాక్ లైసెన్స్ మేనేజర్ తెరిచి ఒక్కో లైసెన్స్ వివరాలు చూడండి. కంప్యూటర్ మీద యాక్టివేషన్‌కి ఒప్పుకునేవి, రెండు యాక్టివేషన్లు ఇచ్చేవి మీరు అనుకున్నదానికంటే ఎక్కువే ఉండొచ్చు. అలాంటివాటిని డాంగిల్ నుంచి డీయాక్టివేట్ చేసి, రెండు సిస్టమ్‌ల మీదకి లాగి వదలండి. డాంగిల్‌లో మిగిలేవి తప్పనిసరివే. ఐలాక్ 2లో 500, ఐలాక్ 3లో 1,500 లైసెన్సులు పడతాయి కాబట్టి చోటు సమస్య కాదు. అన్నీ ఒకే గంపలో ఉండడమే సమస్య.

కంప్యూటర్ మీద పెట్టిన లైసెన్స్‌తో ఒక జాగ్రత్త. విండోస్ ఫార్మాట్ కొట్టే ముందు, మదర్‌బోర్డు మార్చే ముందు తప్పకుండా డీయాక్టివేట్ చెయ్యాలి. లేకపోతే ఆ యాక్టివేషన్ పాత యంత్రం పేరు మీదే ఉండిపోయి, కంపెనీని బతిమాలుకోవాలి.

క్లౌడ్ సదుపాయమే. ప్రో టూల్స్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కూడా ఇప్పుడు ఐలాక్ క్లౌడ్‌తో నడుస్తుంది. కానీ పని చేస్తున్నంతసేపూ నెట్ ఉండాలి, ఒక సమయంలో ఒక్క కంప్యూటర్ మీదే తెరుచుకుంటుంది. స్టూడియోలో ఫైబర్ ఉంటే వాడుకోండి. జనం కిక్కిరిసిన గుడి ప్రాంగణంలో ఫోన్ హాట్‌స్పాట్ మీద వాడొద్దు. తుపాను కాలంలో అసలే వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక ఊళ్లో రోజుల తరబడి కరెంటూ లేదు, సిగ్నలూ లేదు. జనరేటర్ మీద సిస్టమ్ నడిచినా క్లౌడ్ లైసెన్స్ నడవదు. అక్టోబరు, నవంబరు నెలల్లో గడువు పనులుంటే లైసెన్సులు ముందే డాంగిల్‌లోకో కంప్యూటర్ మీదకో దించుకోండి.

లైవ్ రికార్డింగ్‌కి నా అభిప్రాయం: ల్యాప్‌టాప్‌లో డాంగిల్ అడగని సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంచండి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఒక ఫైలు మాత్రమే. అక్కడ కావాల్సింది ట్రాకులు పడడం, ప్లగిన్లు కాదు. పొద్దున స్టూడియోకి వచ్చి ఆ వేవ్ (WAV) ఆడియో ఫైళ్లు మీ అసలు సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకోండి. డాంగిల్ ఊరు దాటదు.

వేవ్స్ కంపెనీ ప్లగిన్లకి డాంగిలే అక్కర్లేదు, లైసెన్స్ కంప్యూటర్ మీదగానీ మామూలు పెన్‌డ్రైవ్ మీదగానీ పెట్టొచ్చు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 (FAT32) అనే పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి. ఫార్మాట్ కొడితే లైసెన్స్ కూడా పోతుంది, కాబట్టి పాటలు మోసే పెన్‌డ్రైవ్ దీనికి వాడకండి. స్టైన్‌బర్గ్ కంపెనీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ క్యూబేస్ అయితే 2022లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి డాంగిల్ తీసేశారు. 11, అంతకు ముందువి డాంగిల్ అడిగే రకాలైతే ఆ పాత డాంగిల్‌ని జాగ్రత్తగా దాచుకోవాలి.

పారేసుకుంటే? ఐలాక్‌కి రెండు రక్షణలున్నాయి, ఏడాదికి రుసుము కట్టాలి. జీరో డౌన్‌టైమ్ అనేది డాంగిల్ చెడిపోతే కొత్తది వచ్చేదాకా తాత్కాలిక లైసెన్సులు ఇస్తుంది. పోయినా దొంగలు పట్టుకుపోయినా పనికొచ్చేది దాని మీద తీసుకునే థెఫ్ట్ అండ్ లాస్ కవరేజ్. రెండూ ముందే తీసుకుని ఉండాలి, పోయాక కుదరదు. ఆ కవరేజ్ లేకుండా పారేసుకుంటే ఒక్కో ప్లగిన్ కంపెనీకి విడివిడిగా రాయాల్సిందే, ఇవ్వడం ఇవ్వకపోవడం వాళ్ల ఇష్టం. అందుకే డాంగిల్ సీరియల్ నంబరు, కొన్న రసీదులు, లైసెన్స్ జాబితా స్క్రీన్‌షాట్ మెయిల్‌లో దాచండి.

ఎంవీపీ_మిక్స్:

చాలా థ్యాంక్సండి అందరికీ. ఎస్ఎస్‌డీ వెనక్కి మార్చాక బౌన్స్‌లో ఒక్కసారి కూడా ఊడలేదు. మచ్చ బయటి రేకు మీదే, పిన్నులు శుభ్రంగా ఉన్నాయి. ఒక డాంగిల్ మాత్రం లైటు వెలుగుతున్నా ఐలాక్ మేనేజర్‌లో కనిపించట్లేదు. ఇంకోటి, పాత ప్రాజెక్టులు రేపు డాంగిల్ లేకపోయినా తెరుచుకోవాలంటే ఏం చేసి ఉంచాలి?

గెయిన్_స్టేజ్:

లైటు ఉందంటే కరెంటు అందుతోంది. విండోస్ సర్వీసెస్ తెరిచి పేస్ (ఐలాక్ తయారీ కంపెనీ) లైసెన్స్ సర్వీసెస్ అనే వరస నడుస్తోందో లేదో చూడండి. ఆగి ఉంటే స్టార్ట్ చెయ్యండి, స్టార్టప్ టైప్ ఆటోమేటిక్‌లో పెట్టండి. అయినా రాకపోతే లైసెన్స్ మేనేజర్ కొత్త వెర్షన్ వేసి రీస్టార్ట్ చెయ్యండి. అది ఐలాక్ కాకుండా స్టైన్‌బర్గ్ డాంగిల్ అయితే ఇక్కడ ఎప్పటికీ కనిపించదు, దానికి ఈలైసెన్సర్ కంట్రోల్ సెంటర్ వేరే ఉంటుంది.

ఐదు_వోల్టులు:

పాత ప్రాజెక్టులకి ఒకటే మార్గం, పని అయిపోయిన రోజే ట్రాకులన్నీ ఆడియోగా దించి ఉంచడం. ప్రతి ట్రాకూ పాట మొదటి బిందువు నుంచే, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్. చివర మెల్లగా తగ్గే ప్రతిధ్వని, అదే రివర్బ్ తోక కోసం పది సెకన్లు అదనం. రెండు సెట్లు తియ్యండి, ఒకటి ప్లగిన్లు లేకుండా, ఒకటి ప్లగిన్లతో. మాస్టర్ మీద లిమిటర్, కంప్రెసర్ ఆపి తియ్యాలి. మిడీ ఫైళ్లు కూడా దించి, టెంపో, తాళం ఒక నోట్‌ప్యాడ్‌లో రాసి, అన్నీ పక్కనే పెట్టండి.

మోనో ట్రాకు నిమిషానికి 8.64 ఎంబీ. నాలుగు నిమిషాల పాటలో 40 ట్రాకులంటే సుమారు 1.4 జీబీ, రెండు సెట్లకి 2.8. ఇవాళ్టి డిస్కులకి అదేం బరువు కాదు.

సరిగ్గా దిగాయో లేదో చెవితో నమ్మకండి. ప్లగిన్లతో దించిన సెట్‌ని ఖాళీ ప్రాజెక్టులో పరిచి, మాస్టర్ ప్లగిన్లు లేకుండా తీసిన అసలు మిక్స్‌ని ఫేజ్ తిప్పి (ధ్వని అలని తలకిందులు చేసి) పక్కన వెయ్యండి. నిశ్శబ్దం వస్తే సరిపోయినట్టే. ఏదైనా వాయిద్యం సన్నగా వినిపిస్తే ఆ ట్రాకు తప్పు దిగిందని లెక్క. కోరస్‌లాంటి కదిలే ఎఫెక్టులు ప్రతిసారీ కొంచెం వేరుగా వస్తాయి కాబట్టి అవి మిగలడం మామూలే.

పెదవాల్తేరు_కేబుల్స్:

ఎక్స్‌టెన్షన్ కొనేటప్పుడు అడుగుకి మించొద్దు మిక్స్ గారూ, చవక కేబుల్ లోపల తీగ సన్నగా ఉంటుంది, పొడుగు పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. ప్లగ్గు పోర్టులో బిగుతుగా కూర్చోవాలి. తలకిందులుగా పట్టుకుంటే డాంగిల్ బరువుకి జారిపోయే కేబుల్ అయితే షాపులోనే వెనక్కి ఇచ్చెయ్యండి.