డెల్టా పోక్సో కేసుల మీద పరిశోధన: ముందు జైలుకా, కోర్టు రికార్డులకా?

ప్రశ్న: లంకవాసి (అమలాపురం దగ్గర)

నమస్కారం. నేను నేరశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. గోదావరి డెల్టా మండలాల్లో పిల్లల మీద లైంగిక నేరాలు చేసి, పోక్సో (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) కింద శిక్ష పడినవారి నేపథ్యం, వారు మళ్లీ అదే నేరానికి పాల్పడే అవకాశం నా పరిశోధన విషయాలు. రాజమహేంద్రవరం కేంద్ర కారాగారంలో ఉన్నవారితో మాట్లాడి, లైంగిక నేరస్థులు మళ్లీ నేరం చేసే ముప్పును అంచనా వేయడానికి విదేశాల్లో వాడే స్టాటిక్-99 కొలమానాన్ని తెలుగులోకి మార్చి వారికి వర్తింపజేయాలని అనుకున్నాను. మా గైడు గారేమో ముందు తీర్పులు చదవమంటున్నారు. తీర్పులో కనిపించేది సాక్ష్యమే తప్ప నేరస్థుడి మనసు కాదు కదా అన్నది నా సందేహం. ఈ పనిలో అనుభవం ఉన్న పెద్దలు సలహా ఇవ్వగలరు.

జవాబు: గౌతమీతీరం (న్యాయవాది, రాజమహేంద్రవరం)

మీ గైడు గారు చెప్పిందే సరైన దారి అని నా అభిప్రాయం. జైల్లో మీకు కనిపించేవారు నేరం చేసినవారందరూ కారు. ఫిర్యాదు అంది, ఎఫ్‌ఐఆర్ కట్టి, ఛార్జిషీటు వేసి, సాక్షులు నిలబడి, చివరికి శిక్ష దాకా వచ్చిన కొద్దిమంది మాత్రమే. మధ్యలో జారిపోయిన కేసుల గురించి జైలు గోడలు ఏమీ చెప్పవు. మన ప్రాంతంలో పెద్దమనుషులు కూర్చోబెట్టి రాజీ చేసిన కేసుల్లో, మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చిన పిల్లే విచారణ నాటికి తనకేమీ తెలియదని చెప్పడం, ఆ వెనుకే తల్లి కూడా ఎదురు తిరగడం కోర్టుల్లో తరచూ చూసేదే. బెంగుళూరులోని నేషనల్ లా స్కూలుకు చెందిన బాలల న్యాయ కేంద్రం పోక్సో ప్రత్యేక కోర్టుల పనితీరు మీద చేసిన అధ్యయనాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అది చదివితే సాక్షులు ఎదురు తిరగడం ఎంత పెద్ద సమస్యో అర్థమవుతుంది.

రెండో చిక్కు చట్టంలోనే ఉంది. 2012 నవంబరు 14న పోక్సో అమలులోకి వచ్చాక పద్దెనిమిదేళ్ల లోపు వారి సమ్మతికి విలువ లేకుండా పోయింది. అంతకుముందు ఆ హద్దు పదహారేళ్లు. దానితో, పదిహేడేళ్ల అమ్మాయిని ప్రేమించి ఊరు విడిచి వెళ్లిన ఇరవయ్యేళ్ల కుర్రాడూ, ఏడేళ్ల పసిపిల్లను పాడుచేసిన బంధువూ ఒకే చట్టం కింద శిక్షితులవుతున్నారు. బాలల రక్షణ మీద పనిచేసే ఎన్‌ఫోల్డ్ సంస్థ 2016 నుంచి 2020 దాకా అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ కోర్టులు ఇచ్చిన 7,064 తీర్పులను పరిశీలిస్తే, వాటిలో 1,715 ప్రేమ వ్యవహారాలని తేలింది, అంటే దాదాపు నాలుగో వంతు. ఈ రెండు రకాల వారినీ ఒకే పట్టికలో పోసి సగటు తీస్తే వచ్చే ‘నేరస్థుడు’ లోకంలో ఎక్కడా ఉండడు. ఎవరు ఏ రకమో తేల్చుకోవాలంటే తీర్పులో వయసు నిర్ధారణ భాగం, అంటే బడి రికార్డు మీద జరిగిన వాదన, పట్టి పట్టి చదవాలి. నా మటుకు నాకు మొత్తం తీర్పులో అన్నిటికన్నా విలువైన పేజీలు అవే.

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు (భీమవరం)

స్టాటిక్-99 గురించి ఒక మాట. దాన్ని కార్ల్ హాన్సన్, డేవిడ్ థార్న్‌టన్ 1999లో రూపొందించారు. అందులో ఉన్నవి పది అంశాలు, చాలా వరకు పాత రికార్డు నుంచి తీసుకునేవే. మునుపటి శిక్షలు, బాధితులు అపరిచితులా కాదా, నిందితుడు ఎవరితోనైనా రెండేళ్లు కలిసి కాపురం చేశాడా వంటివి. పెద్దలు కుదిర్చిన పెళ్లితో పాతికేళ్లకే కాపురం పెట్టే మన సమాజంలో ఈ చివరి అంశం ఎవరినీ ఎవరినుంచీ వేరుచేయదు. ఇక మునుపటి శిక్షల సంగతికి వస్తే, మొదటి కేసే రాజీలో ముగిసినవాడి రికార్డు తెల్లకాగితంలా ఉంటుంది. అనువాదం చేస్తే సరిపోదు, ఇక్కడి వారి మీద ఏళ్ల తరబడి పరీక్షించి నిర్ధారించాలి. అది ఒక పీహెచ్‌డీలో తేలే పని కాదు.

పునర్నేరం అంకెల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండండి. అమెరికా సుప్రీంకోర్టు 2002 నాటి ఒక తీర్పులో, చికిత్స పొందని లైంగిక నేరస్థుల్లో 80 శాతం దాకా మళ్లీ నేరం చేస్తారన్న అంకె వాడింది. ఐరా ఎల్‌మన్, తారా ఎల్‌మన్ 2015లో దాని మూలం వెతుక్కుంటూ వెళితే, 1986లో ఒక జనరంజక మనస్తత్వ పత్రికలో ఏ ఆధారమూ చూపకుండా రాసిన ఒక్క వాక్యం దగ్గర తేలారు. ఆ వాక్యం పట్టుకుని ఎన్ని కోర్టులు తీర్పులు రాశాయో! హాన్సన్, బుసియేర్ 1998లో 61 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, నాలుగైదేళ్ల వ్యవధిలో మళ్లీ లైంగిక నేరానికి పాల్పడ్డట్టు నమోదైనవారు 13.4 శాతం. ఇదీ పట్టుబడినవారి లెక్కే కనుక అసలు సంఖ్య ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది, కానీ 80తో దీనికి పోలికే లేదు.

జవాబు: బాలల రక్షణ విభాగంలో పనిచేసినామె (నరసాపురం)

ముఖాముఖీలకు దిగే ముందు పోక్సో 19వ సెక్షన్ చదవండి, తమ్ముడూ. నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. ‘మీరు చెప్పింది ఎవరికీ చెప్పను’ అని ఖైదీకి మాటిచ్చాక, బయటపడని ఇంకో పిల్ల సంగతి అతను చెబితే మీరు ఆ మాట నిలుపుకోలేరు. వకీలుకూ కక్షిదారుకూ మధ్య మాటలకు ఉన్న రక్షణ పరిశోధకుడికి లేదు. అప్పీలు పెండింగులో ఉన్నవాడికైతే మీ నోటుపుస్తకమే ప్రమాదం. అందుకే మీ సమ్మతి పత్రంలో ఈ హద్దు ముందే, అతనికి అర్థమయ్యే తెలుగులో ఉండాలి. మీ ఎథిక్స్ కమిటీ వారు మొదట అడిగేదీ అదే.

పేర్లు మార్చినంత మాత్రాన గుర్తింపు దాగదు. నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది: పేరే కాదు, ఎవరో పోల్చుకోవడానికి వీలిచ్చే ఏ వివరమూ బయటపెట్టకూడదు. మూడు వందల గడప ఉన్న లంక ఊళ్లో ‘రేవు దగ్గర ఇల్లు, తండ్రి గల్ఫులో, తొమ్మిదో తరగతి’ అని రాస్తే ఊరంతటికీ ఎవరో తెలిసిపోతుంది.

లంకవాసి

అందరికీ కృతజ్ఞతలు. మొదటి దశలో తీర్పులకే పరిమితమై, ప్రేమ వ్యవహారాలను విడిగా వర్గీకరించి, మిగిలిన వాటిలో నిందితుడికీ పిల్లకూ ఉన్న సంబంధం, సాక్షి ఏ దశలో ఎదురు తిరిగారన్నది చూస్తాను. కొలమానం పక్కన పెట్టేశాను. ఒక సందేహం: కోర్టుల తీర్పులు పెట్టే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో కొన్ని పోక్సో తీర్పులు తెరుచుకోవడం లేదు.

గౌతమీతీరం

పిల్లల గుర్తింపు దాచడానికి కొన్నింటిని అప్‌లోడ్ చేయరు. మీ విశ్వవిద్యాలయం లేఖ, ఎథిక్స్ కమిటీ అనుమతి జతచేసి జిల్లా జడ్జి గారికి అర్జీ పెట్టుకోండి. నకళ్లు అడగవద్దు, కోర్టులోనే కూర్చుని రికార్డు చూసి రాసుకునే అనుమతి అడగండి. అది ఇవ్వడం వారికి సులువు. 2022లో జిల్లాలు విడిపోయినా పాత కేసులు ఇంకా పాత కోర్టుల్లోనే ఉండవచ్చు, కాబట్టి పోలీసు స్టేషన్ ఏ కోర్టు పరిధిలో ఉందో ముందే కనుక్కుని వెళ్లండి.