పెంపుడు జంతువుకి ఇన్సూరెన్స్: ప్రీమియం కట్టాలా, ఆ డబ్బు మనమే దాచుకోవాలా?

వేపచెట్టు నీడ
డాక్స్‌హండ్ (పొట్టికాళ్లు, పొడవాటి నడుము ఉండే జాతి) కుక్కపిల్ల, ఆడది, వయసు 4 నెలలు. పాలసీ తీసుకుందామంటే వెయిటింగ్ పీరియడ్లు (కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన రోజులు), మినహాయింపులు కలిపి పేజీలకు పేజీలున్నాయి. ఆ ప్రీమియాన్నే నెలనెలా విడిగా ఒక ఖాతాలో వేసుకుంటే సరిపోదా? మనశ్శాంతి కోసం తీసుకోమని చెప్పకండి, లెక్క చెప్పండి.

లెక్కల కాగితం
దాచుకోండి. కంపెనీ మీ ప్రీమియంలోంచే క్లెయిములు తీర్చాలి, జీతాలివ్వాలి, కమీషన్లివ్వాలి, లాభం మిగుల్చుకోవాలి. కట్టినవాళ్లందరినీ కలిపి చూస్తే తిరిగొచ్చేది కట్టినదానికన్నా తక్కువే. అలా కాకపోతే కంపెనీ నిలబడదు.

చాలామంది మొదటి ఏడాది ప్రీమియాన్ని కుక్క బతికే 12 ఏళ్లతో గుణించి ఇంతేగా అనుకుంటారు. అది తప్పు లెక్క. కుక్క వయసుతో పాటు ప్రీమియం పెరుగుతుంది, వైద్యం ఖర్చులు పెరిగినా పెరుగుతుంది. అదే కంపెనీలో అదే జాతికి 5, 8, 10 ఏళ్ల వయసు వేసి ఈరోజే మూడు కొటేషన్లు తీసుకోండి. మధ్య ఏళ్లకి అంచనా వేసి కూడండి. ఆ మొత్తం చూశాక మాట్లాడదాం.

బిల్లు మొత్తం వెనక్కి రాదన్నది కూడా గుర్తుంచుకోండి. బిల్లు 1,000, డిడక్టబుల్ (ముందు మన జేబులోంచి పోయేది) 200, రీయింబర్స్‌మెంట్ (కంపెనీ తిరిగిచ్చే వాటా) 80 శాతం అనుకుందాం. ముందు డిడక్టబుల్ తీసేసి తర్వాత శాతం కడితే 640 వస్తుంది. ముందు శాతం కట్టి తర్వాత డిడక్టబుల్ తీస్తే 600 వస్తుంది. అంకెలు అవే, వరస మారితే 40 పోయింది. మీ పాలసీలో ఏ వరసో అడగండి. అదే బిల్లులో కన్సల్టేషన్ ఫీజు 100 ఉండి, దాన్ని కవర్ చేయని పాలసీ అయితే లెక్క 900తో మొదలవుతుంది.

గుమ్మం పిల్లి
టీకాలు, నులిపురుగుల మందు, స్టెరిలైజేషన్ ఆపరేషన్ మామూలు పాలసీల్లో రావు. అవి వస్తాయనుకుని తీసుకుని తర్వాత తిట్టేవాళ్లే ఎక్కువ.

చిన్న అక్షరాలు
లెక్కల కాగితం గారూ, అందరికీ కలిపి సగటు కట్టారు. ఆవిడ దగ్గరున్నది ఒక్క కుక్క. ఒక్క కుక్కకి సగటు జబ్బు రాదు, వస్తే మొత్తం వస్తుంది, రాకపోతే ఏమీ రాదు.

దాచుకునే పద్ధతిలో అసలు లోపం తేదీ. మూడో నెలలో పిల్ల సాక్స్ మింగి పేగులో అడ్డుపడితే ఖాతాలో ఉండేది మూడు నెలల ప్రీమియం. కుక్కపిల్లలు దొరికినదల్లా మింగేది సరిగ్గా ఖాతా ఖాళీగా ఉండే ఆ వయసులోనే.

పైగా ఇది డాక్స్‌హండ్. ఈ జాతిలో వెన్నుపూసల మధ్య డిస్కులు చిన్నప్పుడే గట్టిపడి పెళుసవుతాయి. డిస్కు జారి వెన్నుపాముని నొక్కడం ఎక్కువగా 3 నుంచి 7 ఏళ్ల మధ్య కనిపిస్తుంది. ఎమ్మారై లేదా సీటీ, ఆపరేషన్, ఆసుపత్రిలో కొన్ని రోజులు, తర్వాత ఫిజియోథెరపీ. ఎక్కడైనా సరే కొన్నేళ్ల ప్రీమియం ఒక్క బిల్లులో వస్తుంది.

క్లినిక్ బల్ల
డిస్కు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. అక్కడ డబ్బుకన్నా ముందు గంటలు లెక్క. వెనక కాళ్లు పడిపోయిన కుక్కకి డాక్టరు కాలి వేలి ఎముకని ఫోర్సెప్స్‌తో గట్టిగా నొక్కి చూస్తారు. కాలు వెనక్కి లాక్కుంటే స్పర్శ ఉందని ఇంట్లోవాళ్లు సంబరపడతారు. అది రిఫ్లెక్స్ మాత్రమే, మెదడుకి కబురు అందకపోయినా కాలు లాక్కుంటుంది. తల తిప్పి చూడాలి, అరవాలి, కరవబోవాలి. అప్పుడే నొప్పి తెలుస్తోందని అర్థం. నొప్పి తెలిసే దశలో ఆపరేషన్ చేస్తే ఎక్కువశాతం కుక్కలు మళ్లీ నడుస్తాయి. అది పోయాక చేస్తే సుమారు సగమే. డబ్బు సర్దుకోవడానికి రెండు రోజులు తీసుకుంటే ఈ రెండింటి మధ్య గీత దాటిపోవచ్చు.

లెక్కల కాగితం
ఒప్పుకుంటాను. కానీ ఆ డిస్కునే పాలసీ కవర్ చేయకపోతే? ప్రీ-ఎగ్జిస్టింగ్, అంటే ముందే ఉన్న జబ్బుని కంపెనీలు కవర్ చేయవు. అది పాలసీకి ముందు నిర్ధారణ అయిన జబ్బు మాత్రమే అనుకుంటారు చాలామంది. నిర్వచనం చదవండి. లక్షణం కనిపించినా చాలని రాసి ఉంటుంది. పాలసీకి ముందు డాక్టరు కేసు షీటులో "నడుము దగ్గర ముట్టుకుంటే మూలుగుతోంది" అని ఒక్క ముక్క రాస్తే, నాలుగేళ్ల తర్వాత జారిన డిస్కుకి ఆ వాక్యం అడ్డొస్తుంది. చెవి ఇన్ఫెక్షన్ అని రాసి ఉంటే తర్వాత తేలిన చర్మపు అలర్జీకి అదే తొలి లక్షణం అంటారు.

రెండు తోకలు
మా క్లెయిము కొట్టేసింది కూడా ఇలాంటి ఒక్క లైను పట్టుకునే. ఇన్సూరెన్స్ అంతా మోసం.

చిన్న అక్షరాలు
రెండు తోకలు గారూ, బాధ అర్థమవుతోంది. క్లాజు ముందే ఉంటే మాత్రం దాన్ని మోసం అనలేం.

లెక్కల కాగితం గారూ, మీరు చెప్పింది నా వాదనకే బలం. కేసు షీటు ఖాళీగా ఉన్న 4 నెలల వయసులోనే తీసుకోవాలని కదా దాని అర్థం? ఎదురుచూసే ప్రతి నెలా కవర్ కాని జాబితా పెరుగుతుంది. దాచుకునేవాళ్లు తర్వాత మనసు మార్చుకుందామన్నా వెనక్కి రాలేరు.

లెక్కల కాగితం
తీసుకున్న రోజునుంచే కవర్ ఉండదు కదా. ప్రమాదాలకి కొన్ని రోజులు, జబ్బులకి 14 నుంచి 30 రోజులు, మోకాలి లిగమెంటుకి చాలా పాలసీల్లో 6 నెలలు. ఆ వెయిటింగ్‌లో కనపడ్డ లక్షణం కూడా ప్రీ-ఎగ్జిస్టింగే. ఇక రెండువైపుల క్లాజు: పాలసీకి ముందు ఎడమ మోకాలి లిగమెంటు దెబ్బతింటే కుడిది కూడా కవర్ కాదు. ఒకటి తెగిన కుక్కల్లో సుమారు సగానికి రెండోదీ తెగుతుంది. సరిగ్గా తెగబోయే మోకాలినే తీసేశారు!

చిన్న అక్షరాలు
ఆవిడ అడిగింది డాక్స్‌హండ్ గురించి. మోకాలు ఎందుకు?

లెక్కల కాగితం
క్లాజు ఎలా పనిచేస్తుందో చూపించడానికి.

చిన్న అక్షరాలు
4 నెలల పిల్లకి పాలసీకి ముందు తెగిన మోకాలు లేదు. లేని మోకాలికి క్లాజు వర్తించదు.

క్లినిక్ బల్ల
మోకాలు వదిలేద్దాం. వేపచెట్టు నీడ గారూ, పాలసీ మొదలైన వారంలోనే ఇప్పటిదాకా ఉన్న వైద్య రికార్డు మొత్తం కంపెనీకి పంపి, ఏవి ప్రీ-ఎగ్జిస్టింగ్‌గా లెక్కిస్తారో రాతపూర్వకంగా అడగండి. చాలా కంపెనీలు రికార్డులు చూసేది మొదటి క్లెయిము వచ్చాకే, గొడవలన్నీ అక్కడే పుడతాయి. కేసు షీటులో అస్పష్టంగా ఉన్నది ఏదైనా ఉంటే మళ్లీ పరీక్ష చేయించి, ఏం తేలిందో రాయించండి. పాత తేదీ మార్చమనో, వాక్యం తీసేయమనో ఏ డాక్టరునీ అడగకండి. అది క్లెయిముని కాదు, పాలసీనే పోగొడుతుంది.

లెక్కల కాగితం
దాచుకునే పద్ధతికి ఇంకో సగం ఉంది, అది ఎవరూ చెప్పట్లేదు. ఆ డబ్బుతో జబ్బు రాకుండా చేయొచ్చు. స్వీడన్‌లో ఇన్సూరెన్స్ రికార్డుల మీదే చేసిన అధ్యయనాల్లో, స్టెరిలైజ్ చేయని ఆడకుక్కల్లో ఐదోవంతు నుంచి నాలుగోవంతు దాకా పదేళ్ల లోపే గర్భసంచిలో చీము పట్టిందని తేలింది. అది ప్రాణాంతకం, అర్ధరాత్రి ఆపరేషన్. సరైన వయసులో గర్భసంచి, అండాశయాలు తీయిస్తే ఆ భయం దాదాపు ఉండదు. పాలసీ చీముకి డబ్బిస్తుంది, ముందు జాగ్రత్తకి ఇవ్వదు. డాక్స్‌హండ్ బరువు పెరగనివ్వకండి, మెడపట్టీ బదులు ఛాతీ పట్టీ వాడండి, సోఫా మీదనుంచి దూకకుండా వాలుబల్ల పెట్టండి. పళ్లు తోమండి, చిగుళ్ల జబ్బుని చాలా పాలసీలు కవర్ చేయవు.

చిన్న అక్షరాలు
వాలుబల్ల పెట్టండి, తప్పకుండా. కానీ వాలుబల్ల డిస్కులోని జన్యువుని మార్చదు.

ఇంకోటి, పాలసీ రకం చూడకుండా లెక్క వేస్తున్నారు. ఒక్కో జబ్బుకి 12 నెలలు మాత్రమే ఇచ్చే పాలసీలున్నాయి. మధుమేహం, చర్మపు అలర్జీ లాంటివి 13వ నెలలో మీ నెత్తిన పడతాయి. ఏటా కొత్తగా పరిమితి నింపే జీవితకాలపు పాలసీలో అదే జబ్బుకి ఏటా డబ్బొస్తుంది, మధ్యలో రెన్యువల్ తప్పనంతవరకూ. ఒక్క ఏడాది మానేసి మళ్లీ తీసుకుంటే పాత జబ్బులన్నీ ప్రీ-ఎగ్జిస్టింగే. చవకని చూసి కంపెనీ మారినా అంతే.

లెక్కల కాగితం
ఇదే నేననేది! ఒకసారి ఎక్కాక దిగలేరు. కుక్కకి 9 ఏళ్లొచ్చాక ప్రీమియం ఎంత పెంచినా కట్టాలి, కొన్ని పాలసీల్లో వయసు మీద అదనపు కో-పే (బిల్లులో మనం కట్టాల్సిన వాటా) కూడా పడుతుంది. దిగితే చేతిలో ఏమీ ఉండదు. ఖాతాలో డబ్బైతే అంతా మీదే. అయినా ఆ వయసులో ఏం చేయిస్తారు? 12 ఏళ్ల కుక్కకి కీమో ఎవరి కోసం?

చిన్న అక్షరాలు
ఇప్పుడు బయటపడింది. మొదటినుంచీ మీరు చెప్తున్నది లెక్క కాదు. ఎక్కడ ఆపాలో ముందే తేల్చుకున్నారు, దానికి తగ్గ అంకెలు తెచ్చారు. కుక్క బతుకుతుందో లేదో ఖాతాలో నిల్వ చెప్పాలా?

గుమ్మం పిల్లి
ఇద్దరూ కాస్త ఆగండి.

లెక్కల కాగితం
ఆగను, దీనికి జవాబు చెప్పాలి. ఔను, తేల్చుకున్నాను. అందులో సిగ్గుపడేది లేదు. డబ్బు ఎలాగూ కంపెనీదే అన్నప్పుడు వద్దు అనడం కష్టం. ఇంకో స్కాన్, ఇంకో రక్తపరీక్ష, ఇంకో వారం ఆసుపత్రి బోనులో. కుక్కకి ముందున్న రోజులు తెలియవు, ఈ రోజు నొప్పి తెలుస్తుంది. ఏది చేయిస్తాం, ఏది చేయించం అన్నది కుక్క ఆరోగ్యంగా ఉన్నప్పుడే కూర్చుని రాసుకోవాలి. నాకు పాలసీ మీద కోపం లేదు. ఆ నిర్ణయాన్ని పాలసీ వాయిదా వేయిస్తుంది, నా అభ్యంతరం అదే.

చిన్న అక్షరాలు
రాసుకోవాలన్నదానితో నాకు పేచీ లేదు. ఆ కాగితం మీద ఏముండాలన్నదే తేడా. "తనంతట తాను తినలేకపోతే, నొప్పి మందులకి లొంగకపోతే ఆపుదాం" అని ఉంటే అది కుక్క గురించి రాసిన మాట. "ఇంతకన్నా ఎక్కువైతే ఆపుదాం" అని ఉంటే అది డబ్బు గురించి రాసింది. 12 ఏళ్ల కుక్క కీమో పక్కన పెట్టండి. 2 ఏళ్ల మగపిల్లికి మూత్రం బంద్ అయింది. ఒకటి రెండు రోజుల్లో రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. గొట్టం వేసి, సెలైన్ పెట్టి, కొన్ని రోజులు చూసుకుంటే చాలావరకు ఇంటికొచ్చే జబ్బు. అలాంటి పిల్లిని డబ్బు లేక ఇంజెక్షన్‌తో శాశ్వతంగా నిద్రపుచ్చడం ప్రతి ఊళ్లోనూ జరుగుతుంది. నేను పాలసీ అనేది ఆ పిల్లి కోసం.

లెక్కల కాగితం
ఆ పిల్లి విషయంలో మీతో వాదన లేదు. ముసలి కుక్క విషయంలో ఉంది, ఉంటుంది.

క్లినిక్ బల్ల
ఆ పిల్లి వచ్చిన రాత్రి బల్ల దగ్గర ఏం జరుగుతుందో చెప్తాను. అంచనా కాగితం ఇస్తారు, అందులో తక్కువ అంకె ఒకటి, ఎక్కువ అంకె ఒకటి. చేర్చుకునే ముందు కొంత డిపాజిట్ అడుగుతారు. చాలా పాలసీలు ముందు మీరు కట్టాక తర్వాత ఇచ్చే రకం. క్లెయిము తేలడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అంటే పాలసీ ఉన్నవాళ్ల దగ్గర కూడా ఆ రాత్రికి డబ్బుండాలి. క్లినిక్‌కే నేరుగా కట్టే పాలసీ అయితే మీరు వెళ్లే క్లినిక్ దానికి ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోండి, రాత్రిపూట వెళ్లే ఎమర్జెన్సీ ఆసుపత్రితో సహా.

అందుకే డిడక్టబుల్ ఎక్కువ పెట్టి ప్రీమియం తగ్గించుకోండి. ఆ మిగులుని ఖాతాలో వేయండి, కనీసం డిడక్టబుల్‌కీ డిపాజిట్‌కీ సరిపడేంత వరకు. వార్షిక పరిమితి ఒక డిస్కు ఆపరేషన్‌కీ దాని స్కాన్‌కీ సరిపోవాలి. అంతకన్నా తక్కువ పరిమితి ఉన్న పాలసీ ఈ జాతికి దండగ. బిల్లు విడివిడి ఐటెములుగా తీసుకోండి, కేసు షీటు నకలు అదే రోజు అడగండి. క్లెయిముకి గడువుంటుంది, దాటితే మంచి క్లెయిము కూడా పోతుంది.

వేపచెట్టు నీడ
కూర్చుని చూశాను. నా ముందున్న పాలసీలో డిడక్టబుల్ ఏడాదికి కాదు, ఒక్కో జబ్బుకి ఒకసారి. డిస్కు, వెన్ను మినహాయింపుల్లో లేవు, వెయిటింగ్ 30 రోజులు. దీన్ని వదిలేయాలా?

చిన్న అక్షరాలు
వద్దు. ఏళ్లతరబడి ఉండే ఒక్క పెద్ద జబ్బుకి అదే మేలు, జీవితంలో ఒక్కసారే కడతారు. చెవి, కడుపు, చర్మం అంటూ చిన్నచిన్నవి చాలా వస్తే ఏడాదిది మేలు. మీ భయం వెన్ను గురించి కాబట్టి ఇది సరిపోతుంది. డిస్కు రెండోసారి వేరే చోట జారితే అదే జబ్బుగా లెక్కిస్తారా, కొత్తదిగానా అన్నది మాత్రం మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

లెక్కల కాగితం
8 ఏళ్ల వయసుకి కొటేషన్ కూడా తీసుకోండి. సంతకం దాని తర్వాతే.