గడువు తీరినా సెషన్ తెగడం లేదు: బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాట రూటర్ వినడం లేదు

అమలాపురం దగ్గర పల్లెలో ఫైబర్ ఇంటర్నెట్ ఇస్తున్నాను, 340 కనెక్షన్లు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ పోయిన గురువారం పిడుగుకు కాలిపోయింది. బ్యాకప్ ఉండబట్టి బతికిపోయాను. కొత్త కంప్యూటర్లో ఎక్కించాను. ఐపీ మాత్రం 192.168.10.5 నుంచి 192.168.10.25కి మారింది.

రూటర్‌కూ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య మాటలు నడిపే రేడియస్ పద్ధతిలో లాగిన్లు (పోర్టు 1812), వాడకం లెక్కలు (పోర్టు 1813) చక్కగా నడుస్తున్నాయి. చిక్కంతా, నడుస్తున్న సెషన్‌ను తెంచమనో వేగం మార్చమనో సాఫ్ట్‌వేర్ రూటర్‌కు చెప్పే 3799 పోర్టు దగ్గరే. అర్ధరాత్రి గడువు తీరినవారికి నెట్ ఆగడం లేదు, ప్లాన్ పెంచుకున్నవారికి వేగం మారడం లేదు. నిన్న కాలువ గట్టు మీద ఒకరింటికి వెళ్లి ఇంటర్నెట్ పెట్టె స్విచ్ ఆపి మళ్లీ వేశాను. తిరిగి లాగిన్ కాగానే కొత్త వేగం వచ్చేసింది. రోజూ ఇలా ఇల్లిల్లూ తిరగలేను కదా.

రూటర్లో రేడియస్ సర్వర్ చిరునామా మార్చాను. బయటి నుంచి వచ్చే రేడియస్ ఆదేశాలను అనుమతించి, పోర్టు 3799 అని ఇచ్చాను. ఫైర్‌వాల్‌లో యూడీపీ 3799కి అనుమతి నియమాన్ని అన్నిటికన్నా పైన పెట్టాను. రూటర్, సాఫ్ట్‌వేర్ ఒకదాన్నొకటి గుర్తుపట్టే రహస్య పదం రెండు వైపులా కొత్తగా టైపు చేశాను, చివర ఖాళీ లేకుండా చూసుకుని మరీ. రూటర్‌ను రెండుసార్లు రీబూట్ చేశాను.

రూటర్లో ప్యాకెట్లు పట్టి చూస్తే 192.168.10.25 నుంచి డిస్కనెక్ట్ అభ్యర్థన వస్తోంది, మూడుసార్లు. ఒప్పుకున్నట్టు గాని, కాదన్నట్టు గాని జవాబు లేదు. సాఫ్ట్‌వేర్ లాగ్‌లో ‘టైమవుట్’ అని మాత్రమే ఉంటోంది.

లాగిన్‌కు పనిచేస్తున్న అదే రహస్య పదంతో, రూటర్ దాకా చేరిన డిస్కనెక్ట్ అభ్యర్థనకు జవాబే రాకపోతే, ఇంకా ఏ సెట్టింగ్ చూడాలి?