ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో విక్టోరియా రాణి కాలం నాటి టెర్రస్డ్ ఇల్లు (పక్కిళ్లతో గోడ కలిసిన వరస ఇల్లు): తీసుకోవచ్చా?

సెవర్న్_తీరం
నమస్తే అండీ. ఇక్కడి ఆసుపత్రిలో పనిచేస్తున్నాను, పిల్లలిద్దరు. బెల్ వ్యూ వైపు ఒక ఇల్లు చూశాం. మూడు బెడ్‌రూములు, ఫ్రీహోల్డ్ (స్థలంతో సహా సొంతం), 2,85,000 పౌండ్లు. మార్కెట్ హాల్‌కి నడిచి వెళ్లిపోవచ్చు. మా ఆవిడకి తెగ నచ్చేసింది. కానీ ముందు గదిలో మోకాలి ఎత్తు దాకా గోడ పెయింటు పొరలుగా ఊడుతోంది, ముట్టుకుంటే తెల్లటి పొడి రాలుతోంది. ఏజెంట్‌ని అడిగితే పాత ఇళ్లన్నీ ఇంతేనంటున్నారు. ఇంకో సంగతి, హైదరాబాద్‌లో నా పేరున ఫ్లాట్ ఉంది. దానివల్ల ఇబ్బందేమైనా ఉంటుందా?

లెక్కల_పంతులు
ముందు ఫ్లాట్ సంగతి తేల్చుకోండి, అసలు డబ్బు అక్కడే ఉంది. ప్రపంచంలో ఎక్కడైనా ఇల్లు కొని ఉంటే ఫస్ట్ టైమ్ బయ్యర్ (మొదటిసారి ఇల్లు కొనేవాళ్ల) స్టాంప్ డ్యూటీ రాయితీ రాదు. మీ పేరున ఉన్నదాని విలువ 40,000 పౌండ్లు లేదా అంతకన్నా ఎక్కువైతే స్టాంప్ డ్యూటీ మీద అదనంగా 5 శాతం పడుతుంది. ఈ ధరకి మామూలు డ్యూటీ 4,250, అదనం 14,250, మొత్తం 18,500 పౌండ్లు! అదే ఇద్దరూ ఎప్పుడూ ఎక్కడా ఇల్లు కొని ఉండకపోతే సున్నా. ఇంటిని మీ ఆవిడ ఒక్కరి పేరున పెడదామనుకున్నా లాభం లేదు, భార్యాభర్తలను కలిపే చూస్తారు. సొలిసిటర్‌కి (కొనుగోలు పత్రాలు చూసే లాయరు) ఫ్లాట్ గురించి మొదటిరోజే చెప్పేయండి.

పాత_ఇటుక
గోడ గురించి నేను చెప్తాను. ఆ కాలం ఇళ్లకి సాధారణంగా తొమ్మిది అంగుళాల నిండు ఇటుక గోడలే, మధ్యలో ఖాళీ ఉండదు. సున్నంతో కట్టారు కాబట్టి తడి పీల్చినా మళ్లీ ఆరిపోయేది. తర్వాత ఎవరో సిమెంటు పూసి ఉంటే ఆ తడి బయటికి పోలేక లోపలికి తిరుగుతుంది. మీరు చెప్పిన తెల్లపొడి తడితో పాటు వచ్చిన ఉప్పే కావచ్చు. ఈసారి వెళ్లినప్పుడు బయట నుంచి చూడండి: నేల ఎత్తు పెరిగి లోపలి ఫ్లోర్‌ని దాటిందా? కింద గాలి ఇటుకలు (గాలి ఆడేందుకు రంధ్రాలున్న ఇటుకలు) మట్టితో మూసుకుపోయాయా? చూరు కింద వాననీటి గట్టర్ కారుతోందా? చాలాసార్లు జబ్బు అక్కడే ఉంటుంది, ఖర్చు కూడా తక్కువే. డ్యాంప్ (గోడ చెమ్మ) ట్రీట్‌మెంట్ కంపెనీల ఫ్రీ సర్వే మాత్రం వద్దు. మందు అమ్మేవాణ్ణి రోగం అడిగితే ఏం చెప్తాడు? పాత ఇళ్లు తెలిసిన సర్వేయర్‌తో లెవెల్ 3 సర్వే (ఇంటి స్థితిని అన్నిటికన్నా వివరంగా చూసేది) చేయించండి. ఆ రిపోర్ట్ చేతిలో ఉంటే ధర తగ్గించమని గట్టిగా అడగొచ్చు.

కోల్‌హామ్_కోడలు
బెల్ వ్యూ కొంచెం మెరకే. దిగువన మా కోల్‌హామ్ 2020 ఫిబ్రవరిలో సెవర్న్ నది వరదకి మునిగింది. గుమ్మం ముందు నీళ్లు ఎలా ఉంటాయో చూసినదాన్ని కాబట్టి చెప్తున్నా, ప్రభుత్వ సైట్‌లో ఆ పోస్ట్‌కోడ్ పెట్టి వరద రిస్క్ చూసుకోండి. ఆఫర్ పెట్టకముందే ఇన్సూరెన్స్ కోట్ కూడా తీసుకోండి. 2009కి ముందు కట్టిన ఇళ్లకి ఫ్లడ్ రీ పథకం (వరద ఇన్సూరెన్స్ అందుబాటు ధరలో దొరికేలా చూసేది) వర్తిస్తుంది, అది కొంత ఊరట.

ఇంగువ_పోపు
మాదీ వరస ఇల్లే, ఊరు వేరు. పక్కింటి టీవీ మాకు, మా మిక్సీ వాళ్లకి వినిపిస్తుంది. సాయంత్రం ఏడింటికి ఒకసారి వెళ్లి ఆ గదుల్లో నిశ్శబ్దంగా నిలబడండి. పార్కింగ్ సంగతీ అప్పుడే తెలుస్తుంది. వెనక పెరట్లోంచి పక్కవాళ్లు చెత్త బిన్నులు తీసుకెళ్లే హక్కు ఉందేమో టైటిల్ పత్రాల్లో చూడమని సొలిసిటర్‌కి చెప్పండి. కన్జర్వేషన్ ఏరియా (పాత రూపం కాపాడే ప్రాంతం) అయితే కిటికీలు మార్చేముందు కౌన్సిల్‌ని అడగాలి. లిస్టెడ్ బిల్డింగ్ (చట్టరక్షణ ఉన్న చారిత్రక కట్టడం) అయితే దాని స్వభావం మారేలా అనుమతి లేకుండా పని చేయించడం నేరం.

సెవర్న్_తీరం
అందరికీ చాలా థ్యాంక్స్. 18,500 అనగానే గుండె ఆగినంత పనైంది. ఇంకొకళ్లు ఎక్కువ ఇస్తామంటే ఇల్లు పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

లెక్కల_పంతులు
ఇంగ్లండ్‌లో కాంట్రాక్టులు ఎక్స్‌ఛేంజ్ అయ్యేదాకా (సంతకాలైన ఒప్పందాలు మార్చుకునేదాకా) కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఇద్దరూ వెనక్కి తగ్గొచ్చు. ఆఫర్ పెట్టండి, ఒప్పుకోగానే ప్రకటన తీసేయమనండి. సర్వే ఆ వారమే బుక్ చేయండి.