కచ్ రణ్‌లో మూడు రోజులు: ఉప్పు ఎడారి, కళాకారుల ఊళ్లు రెండూ కుదురుతాయా?

తెల్లదారి (ప్రశ్న):
డిసెంబరులో అమ్మానాన్నలతో కచ్ వెళ్దామనుకుంటున్నాం. ఇద్దరికీ అరవై దాటాయి. టూర్ వాళ్లు ఇచ్చిన ప్లాన్: మొదటి రోజు భుజ్ నుంచి రణ్ అంచున ఉన్న ధోర్డో, రెండు రాత్రులు గుడారాల్లో బస, మధ్యలో 'హస్తకళల సందర్శన' రెండు గంటలు, మూడో రోజు ధోలావీరా (హరప్పా నాటి నగర శిథిలాలు) చూపించి భుజ్‌లో దింపుతారు. రోగన్ (ఆముదపు రంగుతో బట్ట మీద వేసే బొమ్మలు), అజ్రఖ్ (చెక్క అచ్చుల అద్దకం) పని జరుగుతుండగా చూడాలని ఉంది. తాళ్లకు వేలాడదీసిన బట్టలు చూసి రావడానికైతే అంత దూరం అక్కర్లేదు. ప్లాన్‌లో ఏం మార్చమనాలి? పౌర్ణమికే వెళ్లాలా?

బన్నీబాట:
ఆ రెండు గంటల దగ్గరే తేడా వస్తోంది. ధోర్డో దగ్గర చూపించేవి ఎక్కువగా అమ్మకం స్టాళ్లు. పని జరిగేది ఊళ్లలో, అవేమో తలో దిక్కు. అజ్రఖ్‌పూర్, భుజోడీ భుజ్‌కి తూర్పు వైపు దగ్గర్లోనే ఉన్నాయి. రోగన్ చేసే నిరోణా వాయవ్యంగా సుమారు 40 కిలోమీటర్లు. ధోర్డో ఉత్తరంగా 80 పైచిలుకు.

కాబట్టి మొదటి రాత్రి భుజ్‌లోనే ఉండండి. ఆ రోజు పొద్దున అజ్రఖ్‌పూర్, అక్కడే ఉన్న ఎల్‌ఎల్‌డీసీ మ్యూజియంలో కచ్ కుట్టుపని, మధ్యాహ్నం భుజోడీ నేతగాళ్లు. రెండో రోజు ఎనిమిదికల్లా బయల్దేరి నిరోణా చూసుకుని, భిరండియారా మీదుగా నాలుగింటికి రణ్ చేరాలి. ఆ రాత్రికి హోడ్కాలో ఊరి కమిటీ నడిపే షామ్-ఎ-సర్హద్ బస దొరికితే గుడారాల నగరం కంటే నా ఓటు దానికే. భుంగాలని గుండ్రటి మట్టి ఇళ్లుంటాయి, లోపలి గోడల మీద అద్దాలు పొదిగిన మట్టిపని. 2001 భూకంపాన్ని తట్టుకున్న కట్టడం తీరు అది.

మూడో రోజు ధోలావీరా. ఖావడా నుంచి రణ్ మధ్యగా వేసిన రోడ్డు మీదే తీసుకెళ్లాలని ముందే మాట తీసుకోండి. భచావ్, రాపర్ చుట్టూ తిప్పితే రోజంతా కార్లోనే సరిపోతుంది. పెట్రోలు భుజ్‌లోనే నిండా కొట్టించండి. ధోలావీరా 2021లో యునెస్కో జాబితాలో చేరిన చోటు, నీడ బొత్తిగా ఉండదు, పొద్దున్నే వెళ్తే మంచిది. మూడో రోజు శుక్రవారం పడకుండా చూసుకోండి, అక్కడి మ్యూజియానికి ఆ రోజు సెలవు.

రణ్‌లోకి పర్మిట్ కావాలి. ఆన్‌లైన్లో ముందే తీసుకుంటే భిరండియారా చెక్‌పోస్టు దగ్గర క్యూ తప్పుతుంది. అందరి గుర్తింపు కార్డులూ, జిరాక్సులూ దగ్గరుంచుకోండి. సరిహద్దు ప్రాంతం కాబట్టి డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి.

నీలితొట్టి:
పని చూడాలంటే గైడ్ చేత ముందురోజే ఫోన్ చేయించి, రేపు ఏ దశ నడుస్తోందో అడిగించండి. అజ్రఖ్ ఒక్క రోజులో అయ్యే పని కాదు. గంజి పోయేదాకా ఉతకడం, కరక్కాయ నీళ్లలో ముంచడం, సున్నం-బంక ముద్దతో అచ్చు వేసి రంగు అంటకుండా కాపాడటం, తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నల్లరంగు, ఎరుపు కోసం పటిక, ఆ తర్వాత నీలిమందు తొట్టి, చివర్లో ఎర్రరంగులో ఉడకబెట్టడం. మన కలంకారీ తెలిసిన వాళ్లకి ఇందులో సగం పరిచయమే. మధ్యమధ్య ఎండబెట్టాలి కాబట్టి మబ్బు పడితే పని ఆగుతుంది. ఏదో ఒక్కటే చూసే వీలుంటే నీలి తొట్టి చూడండి: బట్ట పసుపుపచ్చగా పైకొస్తుంది, గాలి తగిలిన కొద్దీ కళ్ల ముందే నీలమవుతుంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ, అప్పుడు వెళ్లకండి.

అజ్రఖ్‌పూర్ పుట్టడానికి కారణం నీళ్లే. భూకంపం తర్వాత, అజ్రఖ్ పనివాళ్ల పాత ఊరు ధమడ్కాలో నీళ్లు తగ్గి, ఉన్నవాటిలో ఇనుము పెరిగింది. ఇనుము ఎక్కువైతే రంగులు నల్లబడతాయి. అందుకే కొన్ని కుటుంబాలు ఇటు వచ్చి అజ్రఖ్‌పూర్ కట్టుకున్నాయి.

నిరోణాలో రోగన్‌కి ఆముదాన్ని రెండు రోజుల పాటు కాచి, చిక్కటి ముద్దయ్యాక రంగు కలుపుతారు. ఆ ముద్దని అరచేతిలో ఉంచుకుని, ఇనుప పుల్లతో తీగపాకంలా సాగదీసి, పుల్ల మొన బట్టకి తగలకుండా ఆ తీగనే గీతగా పరుస్తారు. సగం బొమ్మ వేసి మడత పెట్టి అదిమితే రెండో సగం అచ్చు పడుతుంది. కొనేటప్పుడు వేలితో తడమండి: అసలు రోగన్ గీత కాస్త ఉబ్బుగా తగులుతుంది, స్క్రీన్ ప్రింటు చదునుగా ఉంటుంది. అజ్రఖ్‌లో అయితే అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు ఎక్కడో కొంచెం పక్కకి జరిగి కనిపించాలి. గజాల పొడవునా తేడా రాలేదంటే అనుమానించాల్సిందే.

అదే ఊళ్లో రాగిపూత గంటలు చేసే వాళ్లనీ చూడండి. ఇనుప రేకుని వెల్డింగ్ లేకుండా సుత్తితో మలిచి, రాగి పొడి అద్ది, మట్టి చుట్టి కొలిమిలో కాలుస్తారు.

ఉప్పుపొర:
పౌర్ణమి గురించి. ఆ రోజు గదుల రేట్లు, జనం రెండూ ఎక్కువే. త్రయోదశి నాడు వెళ్తే సూర్యుడు దిగేసరికే చంద్రుడు పైన ఉంటాడు, రెండు వెలుగులూ ఒకే సాయంత్రం దొరుకుతాయి, పెద్దవాళ్లు చలిలో కాచుకుని కూర్చోనక్కర్లేదు. పౌర్ణమి దాటాక రోజుకి ముప్పావు గంటకు పైగా ఆలస్యంగా లేస్తాడు.

వానలు ఆలస్యమైన ఏడు డిసెంబరు మొదట్లోనూ నీళ్లు నిలిచి ఉండొచ్చు. డబ్బు కట్టే ముందు ఉప్పు ఎంత గట్టిపడిందో హోడ్కా వాళ్లనే అడగండి, టూర్ ఆఫీసుని కాదు. తెల్లగా పొడిగా ఉన్నచోటే నడవాలి. బూడిదరంగు మచ్చ కనిపిస్తే కింద బురద ఉన్నట్టే, కాలు దిగబడుతుంది. బండి ఆపే చోటు నుంచి వాచ్‌టవర్ దాకా కిలోమీటరుకి పైగా నడక, అమ్మానాన్నలకి ఒంటెబండి మాట్లాడండి. పగలు నల్లకళ్లద్దాలు, రాత్రికి స్వెటర్ తప్పనిసరి.

తెల్లదారి:
థాంక్స్ అండి. డ్రైవరే గైడ్ అంటున్నారు, సరిపోతుందా?

బన్నీబాట:
దారికి సరిపోతాడు, ఊళ్లకి కాదు. చాలాచోట్ల డ్రైవర్‌కి కొట్లలో కమీషన్ ఉంటుంది, బండి అక్కడే ఆగుతుంది. నిరోణాకీ బన్నీ (హోడ్కా, ధోర్డో ఉన్న గడ్డిభూముల ప్రాంతం) ఊళ్లకీ కచ్చీ మాట్లాడే స్థానికుణ్ణి విడిగా ఒక్క రోజుకి పెట్టుకోండి. ఆడవాళ్లని ఫొటో తీసే ముందు అతని చేత అడిగించండి, కొన్ని కుటుంబాలు ఒప్పుకోవు.