వాలెస్ పుస్తకం పట్టుకుని ఇండోనేషియా చూడొచ్చా?

దీవులబాట:
అందరికీ నమస్కారం. వచ్చే ఏడాది నెల రోజులు ఇండోనేషియాలో తిరగబోతున్నాను. గైడ్ పుస్తకాలు పక్కన పెట్టి, ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1869లో అచ్చువేసిన ‘ది మలయ్ ఆర్కిపెలాగో’ వెంట నడవాలని ఉంది. 1854 నుంచి 1862 దాకా ఎనిమిదేళ్లు ఆ దీవులన్నీ తిరిగి 1,25,660 నమూనాలు పోగుచేసిన ప్రకృతి శాస్త్రవేత్త ఆయన. బాలి, లోంబోక్, టెర్నాటే, కుదిరితే అరు దీవులు నా ప్లాన్. ఒక ఫ్రెండ్ మాత్రం “నూటయాభై ఏళ్ల కిందటి తెల్లదొర కళ్లతో ఇంకొకళ్ల దేశాన్ని చూడటమేంటి?” అని నిలదీశాడు. జవాబు తోచలేదు. మీరేమంటారు?

చరిత్రపిచ్చి:
మీ ఫ్రెండ్ అడిగింది న్యాయమైన మాట. పిట్ట ఈకను అంత ఓపికగా పరిశీలించిన వాలెస్, మనుషుల దగ్గరికొచ్చేసరికి ఫలానా జాతికి ఫలానా గుణం అని తేల్చి పారేశాడు. అప్పట్లో ఆ దీవుల్ని ఏలిన డచ్చివాళ్లు రైతుల చేత బలవంతంగా కాఫీ పండించి, తాము పెట్టిన ధరకే కొనుక్కున్న పద్ధతిని మెచ్చుకున్నాడు. పిల్లల్ని తండ్రి అదుపులో పెట్టినట్టే అది కూడా అని సమర్థించాడు. అదే నిర్బంధ సాగు నడుస్తున్న జావాలో 1840లలో జనం ఆకలితో చచ్చిపోయారు. ఇది చిన్న పొరపాటని వదిలేయలేం. ముందు ఆ దేశం వాళ్లు రాసుకున్నవి చదవండి.

కొమ్మమీదపిట్ట:
కాఫీ విషయంలో చరిత్రపిచ్చి గారితో నాకు పేచీ లేదు. అక్కడ వాలెస్ తప్పు. అయినా పుస్తకం తీసుకెళ్లమనే చెప్తాను. నేను ఆ దారిలో కొంత తిరిగాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

బాలిలో పడంగ్ బాయి రేవు నుంచి లోంబోక్‌లోని లెంబార్‌కు ఫెర్రీలో నాలుగైదు గంటలు. మామూలుగా అయితే నిద్రపోయే ప్రయాణం. 1856లో వాలెస్ ఈ జలసంధి దాటి బాలిలో కనపడని కాకటూలను, అంటే తలమీద జుట్టుండే చిలకల్ని, అవతల చూశాడు. బాలిలో ఉన్న బార్బెట్ అనే పిట్టలేమో లోంబోక్‌లో లేవు. ఇంత దగ్గర దీవుల మధ్య ఆసియా జీవజాలానికీ ఆస్ట్రేలియా వైపు జీవజాలానికీ సరిహద్దు ఉందని ఆయన గుర్తించాడు. దానికి తర్వాత వాలెస్ రేఖ అని పేరొచ్చింది. అక్కడ సముద్రం చాలా లోతు. మంచుయుగంలో నీటిమట్టం వంద మీటర్లకు పైగా తగ్గినా అక్కడ నేల తేలలేదు. ఇది తెలిసి డెక్ మీద నిలబడితే నిద్ర రాదండి.

లోంబోక్‌లో వారం రోజులున్నాను, ఒక్క కాకటూ కూడా కనపడలేదు. పంజరాల వ్యాపారం కోసం పట్టి పట్టి, ఆ పసుపు జుట్టు కాకటూను అంతరించిపోయే అంచుకు తెచ్చారు. ఆ పుస్తకం చదవకుండా వెళ్తే అక్కడ ఏది లేకుండా పోయిందో నాకు తెలిసేదే కాదు. ఈ ఒక్క కారణం చాలు నాకు.

ఇంకో సంగతి. 1857లో అరు దీవుల్లో, వనుంబాయి అనే చోట, ఒక ముసలాయన వాలెస్‌ను మీ ఊరి పేరేమిటని అడుగుతాడు. ఇంగ్లండ్ అంటే నమ్మడు. “మాది వనుంబాయి, ఎవరైనా పలకగలరు. నువ్వు చెప్పేది ఒక పేరేనా? అసలు పేరు చెప్పు, నువ్వు వెళ్లాక నీ గురించి మాట్లాడుకోవాలి కదా” అని పట్టుబడతాడు. చంపి దాచిన పిట్టలన్నీ ఆయన దేశం చేరగానే మళ్లీ బతుకుతాయని కూడా వాళ్ల నమ్మకం. అంటే చూసింది వాలెస్ ఒక్కడే కాదు, ఆయన్నీ చూశారు. తనకు జరిగిన ఆ విచారణను ఆయన దాచకుండా రాశాడు.

చరిత్రపిచ్చి:
ఆ సన్నివేశం బాగుంది, ఒప్పుకుంటాను. మరి ఆ పెద్దాయన పేరేమిటి? రాయలేదు. బోర్నియో దీవిలోని సారావాక్ నుంచి వాలెస్ వెంట వచ్చిన ఆలీ సంగతి చూడండి. వంటవాడిగా చేరి పిట్టల్ని కొట్టడం, చర్మం ఒలిచి భద్రపరచడం నేర్చుకున్నాడు. 1858లో బచాన్ దీవిలో, నడుముకు పిట్టలు వేలాడుతుండగా ఆలీయే వచ్చి “చూడండి సార్, ఎంత వింత పిట్టో” అని చూపించాడు. గుండె మీద మెరిసే ఆకుపచ్చ ఈకలు, ఒక్కో భుజం నుంచి రెండేసి పొడవాటి తెల్ల ఈకలు. ఆ స్వర్గపక్షికి శాస్త్రంలో ఎక్కింది వాలెస్ పేరు.

కొమ్మమీదపిట్ట:
నిజమే, దానికి నా దగ్గర సమాధానం లేదు. కానీ ఆలీ అనే మనిషి ఉన్నాడని మనకు చెప్పిందీ వాలెస్సే కదా. 1907లో అమెరికా జంతుశాస్త్రవేత్త థామస్ బార్బర్ టెర్నాటే వెళ్తే ఒక ముసలాయన ఎదురొచ్చి “నేను ఆలీ వాలెస్‌ని” అన్నాడట. ఆ రెండో పేరు ఆయనే పెట్టుకున్నాడు. అందులో గర్వం ఉంది, ఆయన చేసిన పని ఉంది. మనం దాన్ని కాదనలేం.

దీవులబాట:
ఇద్దరికీ థ్యాంక్స్. పుస్తకం తీసుకెళ్తున్నాను. కాఫీ అధ్యాయానికి ముందు నిర్బంధ సాగు చరిత్ర చదువుతాను. లోంబోక్ జలసంధి పగటి ఫెర్రీలోనే దాటుతాను. టెర్నాటేలో వాలెస్ ఉన్న ఇల్లు ఏదన్న దాని మీద చాలాకాలం వాదనలు నడిచాయని చదివాను. ఆ ఇంటి కోసం తిరగాలనుకున్న రోజును ఇప్పుడు మార్చేశాను. ఆ పూట ఆలీ గురించి అక్కడివాళ్లను అడుగుతాను. ఎవరైనా ఏదైనా చెబితే తిరిగొచ్చాక ఇక్కడే రాస్తాను.