‘హోర’లో హ ఎక్కడిది?

— వరాహమిహిరుడి జ్యోతిష గ్రంథం బృహజ్జాతకంలో ‘హోర’ అనే మాట పుట్టుక చెప్పే శ్లోకం సగమే గుర్తొస్తోంది: “హోరా త్వహోరాత్ర వికల్పమేకే...”, చివర ‘వర్ణలోపాత్’. ఇంతకీ ఇది గ్రీకు మాటేనా, ‘అహోరాత్ర’లో ముక్కా? గ్రీకు నిఘంటువులో హకారం కింద దొరకలేదు.

— మొదటి అధ్యాయం, మూడో శ్లోకం. “హోరేత్యహోరాత్ర వికల్పమేకే వాంఛంతి పూర్వాపరవర్ణలోపాత్”. ‘రా త్వ’ కాదు, ‘రే త్య’.

— ఛందస్సు ఇంద్రవజ్ర కదండీ, గణాలు త త జ గ గ. రెండు పాఠాలూ గణాలకు సరిపోతాయి.

— గణాలు సరిపోతే చాలా మాస్టారూ? ‘ఇతి’ తీసేస్తే అన్వయం కుంటుతుంది. అసలు కీలకం ‘ఏకే’ దగ్గరుంది. ఏకే అంటే కొందరు. ‘అహోరాత్ర’లో మొదటి అ, చివరి త్ర తెగ్గోసే పని ఆ ‘కొందరి’ మీద పెట్టి వరాహమిహిరుడు పక్కకు తప్పుకున్నాడు.

— నిఘంటువు సంగతి: గ్రీకులో హకారానికి విడిగా అక్షరం లేదు. ఈ మాటలో ఒమేగా (దీర్ఘ ఓకారం) నెత్తిన తిరగేసిన కామాలాంటి గుర్తే హ. కాబట్టి 24వ అక్షరం కింద, పుస్తకం చివర చూడండి. 1982లో ఆ గుర్తూ ఎత్తేశారు. ఇప్పుడు టైమెంతని అడగాలంటే ‘తి ఓరా ఈనే?’ అంటారు.

— ‘చూచు’ అనే అర్థమున్న గ్రీకు క్రియ హొరావో నుంచి రాకూడదా? లగ్నం చూడటమేగా!

— రాదు. అందులో ఉన్నది ఒమిక్రాన్, హ్రస్వం. సంస్కృతానికి హ్రస్వ ఒకారం లేదు గనక అక్కడ పొరబడొచ్చు. ఒ, ఓ రెండూ ఉన్న మనకేం? హొరొస్ హద్దు, ఒరొస్ కొండ, హోరా ఋతువు. హోమరు దగ్గర ఋతువే. గంట తర్వాతి అర్థం. పంటకు అదను, మనిషికి ఈడు కూడా అదే మాట. దాన్నుంచే నేటి ‘ఓరేఓస్’, అందమైన అని.

— అదను! భలే మాట పట్టారు.

— పంచాంగంలో మాత్రం హోర గంటే. శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్ర, ఈ వరుసలో సూర్యోదయం నుంచి రోజుకు 24 హోరలు. ఏడేసి తీసేస్తే మిగిలేది 3, అంచేత మర్నాటి మొదటి హోర నాలుగో గ్రహానిది. శనివారం తర్వాత ఆదివారం అలా వచ్చింది. జాతకచక్రంలో హోర అంటే రాశిలో సగం, 15 డిగ్రీలు. ఈ రెంటినీ కలిపేస్తే లెక్క తప్పుతుంది.

— మరి ‘హోరాహోరీ’?

— అది హోరు నుంచి వచ్చింది. కొట్లాటను చెప్పే ముష్టాముష్టి, కేశాకేశి, బాహాబాహి మూసలో పోశారు.

— అవన్నీ సంస్కృతం. హోరు మన మాట. ముష్టాముష్టిలో మొదటి మాట చివర వచ్చే పాణిని దీర్ఘం దానికి ఎలా అంటిస్తారండీ?